తెరమీది తోట

మహాభారతకథ నెరిగిన పెద్దలకు మయసభ కొత్తది కాదు. ఇంద్రప్రస్థమున మయుడు పాండవులకు కట్టియిచ్చిన ఆ సభలో మణులతో చేసిన తామరలు గల కొలనొకటి యుండెనట. నాలుగు గోడల నడుమకు కొలనును, తామరలను, చెట్లను తెచ్చి పెట్టుకొనవలెనను కోరిక మనుష్యున కెంత పాతదో ఈ కథవలన తెలియుచున్నది. ఆ సభలో దుర్యోధనుడు రెండు పొరపాట్లు చేసెను. మొదట స్ఫటికపు నేలను చూచి నీరని భ్రమించి వస్త్రము పైకెత్తుకొనెను. పిమ్మట నిజమైన నీటిని చూచి, ఇదియు స్ఫటికపు నేలయే యనుకొని అందులో పడెను. మనము మొదటి పొరపాటునే తలచుకొని నవ్వుకొందుము. కాని అతనిని తడిపినది రెండవది. లేని నీటిని ఉన్నదనుకొన్నందుకు అతనికి సిగ్గుమాత్రమే కలిగినది. ఉన్న నీటిని లేదనుకొన్నందుకు బట్టలతో మునిగినాడు.

గదిలో తీసిన ఛాయాచిత్రములోనికి చెట్లను, కొండలను, నీళ్లను ఎట్లు తెత్తురు, ఏల తెత్తురు, దానివలన మనకు మేలెంత, కీడెంత అనునది నేటి ప్రసంగవిషయము. దుర్యోధనుని రెండు పొరపాట్లును ఈ విషయమున మనకొరకు పొంచియున్నవి. అందుచేతనే ఆ కథను ముందుగా జ్ఞాపకము చేసితిని.

తుని ప్రాంతమునకు ప్రకృతి కరవు కాదు. ఊరిప్రక్కనే తాండవ నది. ఏరు దాటిన పాయకరావుపేట. పడమటివైపున తూర్పుకనుమల కొండలు. ఆ కొండలలోనే తలుపులమ్మ లోవ. చుట్టుప్రక్కల మామిడితోటలు. తుని తమలపాకు పేరు వినని తాంబూలప్రియుడు మన సీమలో ఉండడు. ఇంకను దక్షిణముగా పోయినచో గోదావరి కాలువలు, వరిచేలు, కొబ్బరితోపులు కన్నులపండువుగా నుండును. ఇట్టి సీమలోని పాత కుటుంబములయందు రెండు మూడు తరములనాటి పటములను దించి, దుమ్ము తుడిచి చూడుడు. తాతగారు కుర్చీలో కూర్చుండియుందురు. నాయనమ్మగారు ప్రక్కను నిలిచి కుర్చీవీపుపై చేయి వేసియుందురు. వారి వెనుక నొక సరస్సు, అందొక తెల్లని హంస, ఒక పాలరాతి పిట్టగోడ, కొన్ని మెట్లు, ఏ దేశపువో చెప్పజాలని సన్నని చెట్లు కనబడును. ఆ సరస్సు తునిలో లేదు. గోదావరిసీమలో ఎక్కడను లేదు. అది గుడ్డమీది రంగు.

ఇంటిముందర కొబ్బరిచెట్లుండగా, రూకలు చెల్లించి గుడ్డమీది చెట్లముందు ఏల నిలిచిరి? దీనికి మొదటి కారణము వెలుతురు. 1839లో ఫ్రాన్సు దేశమున డాగేరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడియైనది. ఆ తొలికాలమున పటము తీయించుకొనువాడు కదలక మెదలక కూర్చుండవలసివచ్చెడిది. ఆరుబయట గాలి వీచినచో కొమ్మ చెదరును, పమిట చెదరును, కన్ను చికిలించిన ముఖమే చెదరును. కెమెరా బరువైనది; గాజుపలకలు మోసికొనిపోవుట మరియొక శ్రమ. అందుచేత మనిషిని లోపలికి తెచ్చి, కప్పునకు అద్దములు బిగించి, ఎండ నేరుగా పడకుండ మెత్తని వెలుతురును మాత్రము రానిచ్చి పటములు తీయసాగిరి. లోపలికి తెచ్చినవానికి వెనుక బోసిగోడ యుండిన బాగుండదు గదా. లండనులో పనిచేసిన ఆంత్వాన్ క్లోదే అను ఫ్రెంచివాడు 1841లో వెనుక రంగుతెర వ్రేలాడగట్టు పద్ధతికి హక్కుపత్రము పొందెను. ఆ తెర క్రమక్రమముగా ప్రపంచమంతటను ప్రాకి, మన పట్టణములలోని స్టూడియోలకును వచ్చినది.

ఆ తెరను వ్రాయుటయు సామాన్యమైన పని కాదు. నాటి రసాయనములకు నీలము తెల్లగాను, ఎరుపు నల్లగాను కనబడెడివి. ఎర్రని పట్టుచీర కట్టుకొన్న పెండ్లికూతురు పటములో నల్లచీరతో నిలుచుటకు కారణ మిదియే. కావున తెరమీద నీలపు ఆకాశమును, పచ్చని ఆకులను వ్రాసి ప్రయోజనము లేదు. బూడిదరంగు, గోధుమరంగు ఛాయలతోనే వెలుగునీడలను చూపవలెను. తెరను మనిషికి కొన్ని అడుగుల వెనుకగా కట్టుదురు. కటకము మనిషిమీద నిలిచినపుడు తెర కొంచెము మసకబారును. ఆ మసకవలన గుడ్డ దూరముగా జరిగినట్లై, వ్రాసిన కొండ నిజముగా ఆమడదూరమున నున్నట్లు తోచును. ఇక మిగిలినది తెర నేలను తాకు చోటు. అక్కడ నొక పూలకుండియో, అట్టతో చేసిన రాయియో పెట్టి అతుకును దాచుదురు. ఈ అతుకు అను మాటను శ్రోతలు మనస్సున నుంచుకొనవలెను. ఇకమీద చెప్పబోవునదంతయు దానిచుట్టును తిరుగును.

పెరటిచెట్టు మందునకు రాదని సామెత. దూరపు కొండలు నునుపని మరియొక సామెత. మన పెద్దల పటములు ఈ రెండింటికిని సాక్ష్యములుగా నున్నవి. అయినను వారిని పరిహసింపరాదు. ఆయుస్సులో ఒకటిరెండు మారులు మాత్రమే పటము తీయించుకొను కాలమది. దినదినమును చూచు పాకను, పెంటకుప్పను అందులో ఎవరు కోరుకొందురు? ఉన్నంతలో మంచి చీర కట్టుకొన్నట్లే, దొరికినంతలో మంచి చోటున నిలువగోరిరి. గడప దాటరాని స్త్రీల సంగతి మరియు వేరు. లాలా దీన్ దయాళ్ (1844–1905) అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున నుండి, 1892లో హైదరాబాదునందు ఘోషాస్త్రీలకొరకు ప్రత్యేకముగా నొక స్టూడియో తెరచెను. అక్కడ పటములు తీయుటకు ఒక ఆంగ్లవనితనే నియమించెను. ఇట్టి కట్టుబాటులో బ్రదికిన స్త్రీలకు తెరమీది తోట కేవలము వేడుక కాదు. కాలు పెట్టరాని ఆరుబయలు పటమునందైన దొరికినదను తృప్తి అది.

ఇట్లే నాటకపుతెర. కడపజిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధ ప్రదర్శనముతో ఆరంభమైన సురభి నాటకసమాజములవారు అడవిని, రాజవీథిని, నదిని, సభను తెరలమీద వ్రాసికొని ఊరూర తిరిగిరి. పందిరిలోనికి గాలి వచ్చిన అడవి ఊగును, కొండ ముడుతలు పడును. చూచువాడు దానికి ఉలికిపడడు, మోసపోతినని ఏడువడు. ఇది తెరయని ఆడువానికిని తెలియును, చూచువానికిని తెలియును.

ఆ తెరయే చలనచిత్రమునకు ఎక్కినది. 1957లో వెలువడిన మాయాబజారులో వెన్నెలరాత్రి నౌకావిహారమును చూడని తెలుగువాడు అరుదు. ఆ చిత్రమునకు పనిచేసిన సింగీతము శ్రీనివాసరావుగారు చెప్పినదానినిబట్టి, దానిలో మదరాసు దగ్గరి ఎన్నూరున ఆరుబయట తీసినది పది పదునైదు క్షణములకు మించదు. మిగిలినదంతయు స్టూడియోలో వేసిన అడవి. ఆ వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే దీపములతో కురిపించిన వెన్నెల. అందలి ద్వారకానగరము సుమారు 50 అడుగులకు 60 అడుగుల చోటున నిలిపిన మూడువందల చిన్నయిండ్ల కూర్పు. ఈ సంగతి తెలిసినంతమాత్రమున ఆ వెన్నెల చల్లదనము తగ్గదు. కథ చెప్పెదనని చెప్పి కథ చెప్పినవాడు అబద్ధమాడినవాడు కాడు.

ఇంతవరకు చెప్పినదానిలో అతుకు కొంచెమైనను కనబడుచునే యుండెను. దానిని బొత్తిగా మాయము చేయు విద్యయు ఛాయాచిత్రములతోడనే పుట్టినది. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లె గ్రే అనునతడు 1856, 1857 సంవత్సరముల ప్రాంతమున సముద్రమును పటము తీసెను. నీటికి తగినంతసేపు వెలుతురు నిచ్చినచో ఆకాశము తెల్లబారి మబ్బులు పోవుచుండెను. ఆకాశమునకు తగినట్లు తీసినచో సముద్రము చీకటియగుచుండెను. అతడు సముద్రము నొక పలకమీదను, మబ్బుల నింకొక పలకమీదను తీసి, రెంటిని ఒక్క కాగితముమీద అచ్చొత్తి, అతుకును దిగంతరేఖయందు దాచెను. ఇంగ్లండులో హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లో అయిదు పలకలను కలిపి, మరణశయ్యమీది బాలికను, ప్రక్కనున్న స్త్రీలను, కిటికీలోనుండి మబ్బుల ఆకాశమును చూచు పురుషుని ఒక్క గదిలో చూపెను. ఆ దృశ్యము ఏ యింటిలోను, ఏ క్షణమునను జరిగినది కాదు. ఇంతటి దుఃఖమును ఇట్లు పటము కట్టుట తగదని కొందరు నొచ్చుకొనిరి. చిత్రకారుడు అదే దృశ్యమును కుంచెతో వ్రాసియుండినచో ఎవరును అట్లు నొచ్చుకొనియుండరు. పటము అనగా చూచినవాని సాక్ష్యమని లోకులు నమ్ముటయే దీనికి కారణము.

నేటి పద్ధతి సూక్ష్మముగా చెప్పెదను. ఇప్పటి కెమెరా, చేతిలోని ఫోను కానిండు, పటమును లక్షలకొలది చుక్కలుగా విభజించి, ఒక్కొక్క చుక్క రంగును ఒక అంకెగా వ్రాసికొనును. అంకెను మార్చిన రంగు మారును. 1990లో వెలువడిన ఫొటోషాప్ వంటి సాధనములతో ఒక పటములోని చుక్కలను తీసి మరియొకదానిలో నాటవచ్చును. చలనచిత్రములవారు మనిషిని ఆకుపచ్చని తెరముందు నిలుపుదురు. మనిషి దేహమున ఆ రంగు లేదు గనుక, ఆ రంగు చుక్కల నన్నింటిని తీసివేసి వాటిచోట తోటనో జలపాతమునో నింపవచ్చును. ఆకుపచ్చని చీరతో ఆ తెరముందు నిలిచినచో చీరయు పోయి, ఒంటిమీద జలపాతము దూకును! 2022 మొదలుకొని, ఇట్టి కొలను, ఇట్టి తోట, ఇట్టి కిటికీ కావలెనని మాటలతో చెప్పినంతమాత్రమున పటమును కల్పించి యిచ్చు యంత్రములు సామాన్యుల చేతికిని వచ్చినవి.

పెండ్లిపందిరిలో ముద్రించిన జలపాతముముందు వధూవరులు కూర్చుండుట నాకు తప్పుగా తోపదు. అది నాటకపుతెరకు తోబుట్టువు. గాలి చొరని పట్టణపుగదిలో నివసించువాడు గోడనిండ కోనసీమను అంటించుకొన్నచో, వాని మనస్సునకు కొంత చలువ కలుగనిండు. బాధించునది మరియొకటి. బీడుభూమిని ముక్కలు చేసి అమ్మువాడు, ఇంకను కట్టని యింటిని అమ్మువాడు తెచ్చి చూపు పటములు. అందు విశాలమైన గది, కిటికీలోనుండి చెరువు, చెరువుగట్టున ఇరువది యేండ్ల చెట్లు. చోటికి పోయి చూచినచో చెరువు లేదు, చెట్లు లేవు, తుమ్మముళ్లు, సరిహద్దురాళ్లు. అమ్మాయి పెండ్లికని దాచిన సొమ్ము, పొలము తెగనమ్మిన సొమ్ము ఇట్టి పటములను నమ్మి చేతులు మారుచున్నది. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణచట్టపు 12వ విభాగము ప్రకారము, ప్రకటనలోగాని నమూనాలోగాని చూపిన అబద్ధమును నమ్మి సొమ్ము చెల్లించి నష్టపడినవానికి నిర్మాత పరిహారమీయవలెను. కొనుగోలునుండి తప్పుకొనదలచినచో సొమ్మును వడ్డీతోకూడ తిరిగి యీయవలెను. కావున అట్టి పటమును, కాగితమును పారవేయక దాచియుంచుట మంచిది. అబద్ధపు పటమే నిజమునకు సాక్షి కాగలదు.

అతుకును పట్టుకొనుట యెట్లు? మొదట వెలుతురు చూడవలెను. ముఖమునకు ఎడమనుండి వెలుతురు పడుచు, వెనుక చెట్టుకు కుడినుండి పడుచున్నచో సూర్యులిద్దరైరి. రెండవది నీడ. మనిషి నిలిచిన నేలమీద నీడ యున్నదా, అది చెట్టునీడవైపునకే వాలినదా? మూడవది కంటిమట్టము. గదిగోడల గీతలు ఏ ఎత్తున కలియునో, కిటికీ వెలుపలి దిగంతమును ఆ ఎత్తుననే యుండవలెను. అది గదికప్పుదాక పోయినను, నేలకు దిగినను పటము కల్పితము. నాలుగవది అంచులు: తలవెంట్రుకలు, ఆకులకొనలు, కిటికీ ఊచలు. కత్తిరించినవాని చేయి అక్కడనే తడబడును. అయిదవది పునరుక్తి. ఒకే కొమ్మ, ఒకే మబ్బు రెండుచోట్ల కనబడినచో ప్రకృతి అట్టి సోమరిపని చేయదని గ్రహింపవలెను. తళతళలాడు నేలగాని అద్దముగాని యున్నచో అందలి ప్రతిబింబమును కూడ చూడవలెను. కిటికీలో చెరువుండి నేలమీద దాని మెరుపు లేనిచో సందేహింపవలెను.

ఈ పరీక్షలు మంచివేగాని చాలినవి కావు. అతికెడువాని నేర్పు ఏటేట పెరుగుచున్నది. మన కన్ను మాత్రము పాతదే. కావున పటమును అడుగుటకంటె పటము తెచ్చినవానిని అడుగుట మేలు. ఎవరు తీసిరి? ఎప్పుడు తీసిరి? ఏ చోటున నిలిచి తీసిరి? ప్రక్కన నెవరుండిరి? మొదట తీసిన పటము ఎవరియొద్ద నున్నది? ఊరిలో గట్టుతగవు తీర్చునపుడు పెద్దలు అడుగు ప్రశ్నలే యివి. కొనవలసిన చోటైనచో, బస్సు ఛార్జి పెట్టుకొని పోయి కాలితో త్రొక్కి చూచినదే అసలైన పరీక్ష.

ఇక రెండవ పొరపాటు. మోసపోయి మోసపోయి విసిగినవాడు నిజమును కూడ నమ్మడు. ఇది మొదటిదానికంటె కీడైనది. ఏటిగట్టు కోసికొనిపోయినదని ఒకడు నిజముగా పటము తీసి తెచ్చుననుకొందము. చెరువు పూడ్చినారని, ఊరుమ్మడి చెట్లు నరికినారని మరియొకడు తెచ్చుననుకొందము. ఇదంతయు కంప్యూటరు మాయ యని ఒక్కమాటతో త్రోసివేయుట ఇప్పు డెంతో సులువు. త్రోసివేయుటయందు లాభమున్నవాడు ముందుగా ఆ మాటనే అనును. తెరమీది తోట అసలుతోటకు చేయగల అపకారమిది. లేని చెట్టును నమ్మించినంతవరకు దాని అపరాధము కొంచెము. ఉన్న చెట్టు నరకబడినదన్న మాటకు విలువ లేకుండ చేసినపుడు ఆ అపరాధము పెద్దదగుచున్నది.

దీనికి మందు మన చేతిలోనే కలదు, అది చౌకయైనది కూడ. నాటి స్టూడియోవానికి ఆరుబయలు అలవికానిదైనది. నేడు ఫోనున్న పిల్లవాడెవడైనను క్షణములో తీయగలడు. ఊరి చెరువును, రావిచెట్టును, ఏటిరేవును, తమలపాకుతోటను ఏటేట ఒకే చోటున నిలిచి, ఒకే నెలలో పటము తీయించుడు. ప్రక్కన ఊరివారిద్దరిని నిలుపుడు. మనిషి యెత్తునుబట్టి చెట్టెత్తు, గట్టెత్తు తెలియును. మంచివాటిని కాగితముమీద ముద్రింపించి, వెనుక ఊరు, చోటు, తేదీ, తీసినవాని పేరు, నిలిచినవారి పేర్లు సిరాతో వ్రాయుడు. ఫోనులోని మొదటి పటమును దిద్దక అట్లే యుంచుడు. ఇట్టి పటములు పదియేండ్లవి ఒక పెట్టెలో నున్న ఊరిని మాయ యన్న మాటతో బెదరించుట కష్టము. ఒక పటము అబద్ధమాడవచ్చును. పది సంవత్సరములు, ఇరువదిమంది సాక్షులు, పేర్లతోసహా కలిసి అబద్ధమాడుట దుర్లభము.

మన సీమలోనే దీనికి తగిన ఆదర్శము కలదు. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు బొంబాయిలో చిత్రకళ నభ్యసించి వచ్చి, తెలుగునాటి ప్రకృతిని, తెలుగు స్త్రీపురుషులను తన చిత్రములందు నిలిపెను. ఇరువదియెనిమిది యేండ్లైన నిండకమునుపే 1925లో గతించినను, ఆయన చిత్రములను నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలలో చూడవచ్చును. స్టూడియోతెరలమీద పరదేశపు హంసలు ఈదుచున్న దినములలోనే, పెరటిచెట్టు చిత్రమునకు పనికివచ్చునని చూపినవాడాయన.

ఈసారి ఇంటిలో శుభకార్యమునకు పటము తీయువాడు వచ్చి, వెనుక ఏ తోటను పెట్టమందురని అడిగినచో, పిల్లల వేడుకకొరకు ఏదో యొకటి పెట్టనిండు. అది అయిన పిమ్మట అందరిని వెలుపలికి పిలిచి, తాతనాటి మామిడిచెట్టు క్రింద నిలువబెట్టి, ఇంకొక పటము తీయింపుడు. ఎండకు కన్నులు చికిలించినను ఫరవాలేదు. చెట్టు ఎవరు నాటినదియు, ఏ యేట నాటినదియు దాని వెనుక వ్రాయుట మాత్రము మరువకుడు. చెట్టు పోయిననాడు మనుమలు నమ్ముటకు ఆ వ్రాతయే ఆధారము.